పర్రలో మందిరం, దానికో గోడ

మొన్న మధ్యాహ్నం వంకాయ కూరలో కారం వేస్తుండగా స్టవ్ పక్కన పెట్టుకున్న ఫోను ఒక్కసారిగా కేక పెట్టింది. మామూలు రింగు కాదది. మీరూ వినే ఉంటారు, తుపాను వస్తుంటే ఈ మధ్య ప్రభుత్వం వాళ్ళు పంపుతున్నారే, సైలెంటులో పెట్టినా లెక్కచేయకుండా మోగే ఆ గుండెలదిరే మోత, అది. చెంచాడు వేయాల్సిన కారం సగం డబ్బా కుమ్మరించాను. కళ్ళజోడు వెతుక్కుని చదివితే, తీరా అది ఉత్త పరీక్షేనట. మీరేమీ చేయనక్కర్లేదు అని కూడా రాశారు. చేయనక్కర్లేదంటే ఎలా? అప్పటికే నేను కిటికీలు మూసేశాను, బిందె కుళాయి కింద పెట్టేశాను, వంటింటి నేల మీద కూలబడిపోయాను. మావారు పేపరు మడిచి వచ్చి చూసి, "నువ్వు భయపడని వస్తువేదన్నా ఉంటే చెప్పవోయ్, ఒకటి కొని ఇంట్లో పెడదాం" అన్నారు. ఆ పూట కూర ఆయన కూడా తినలేకపోయారు, అదొక్కటే నాకు తృప్తి.

ఆయన వెక్కిరింపులో తప్పేం లేదు. నాకు లిఫ్టంటే భయం, కుక్కరంటే భయం, గుడివాడలో అన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి కూడా ఇన్‌స్పెక్షన్ అంటే ఆఖరి ఏడాది దాకా భయమే. ఇవన్నీ చిల్లర భయాలు. అసలైంది నీళ్ళ భయం. అది నాకు మా పెద్దమ్మ దగ్గర్నుంచి వచ్చింది. పెద్దమ్మంటే అమ్మకి అక్క. మాది దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు ఇంకా కిందికి వెళ్తే వచ్చే చిన్న ఊరు. నాన్నకి గుడివాడ బళ్ళో ఉద్యోగం రాబట్టి మేం బతికిపోయాం. ఉప్పెన వచ్చిననాడు పెద్దమ్మ ఊళ్ళోనే ఉంది. పెదనాన్న పోయాడు, ఇద్దరు పిల్లలూ పోయారు. పెద్దమ్మ మాత్రం తుమ్మచెట్టు ముళ్ళకి జుట్టు చిక్కుకుని ఆగిపోయింది. ఆవిడని మా ఇంటికి తెచ్చినప్పుడు నాకు ఐదారేళ్ళు. అమ్మ ఆవిడ ఒంట్లోంచి ముళ్ళు తీస్తుంటే దీపం పట్టుకున్నది నేనే. ఏడవలేదు పెద్దమ్మ. ముల్లు తీసినప్పుడల్లా "ఇంకా వస్తన్నయ్యా నీళ్ళు?" అని అడిగేది. గుడివాడ ఎక్కడ, సముద్రం ఎక్కడ! అయినా ఆవిడ అడిగినప్పుడల్లా నేను గుమ్మం దాకా వెళ్ళి వీధిలోకి తొంగి చూసొచ్చి, రావట్లేదని చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి ఆవిడ అడగడం మానేసింది, నేను మాత్రం చూడ్డం మానలేదు.

పెదనాన్నా పిల్లలూ దొరకలేదు. మా ఊళ్ళో చాలామందికి వాళ్ళవాళ్ళు దొరకలేదు. దొరికిన వాళ్ళని కూడా ఎవరెవరో తెలియకుండానే కలిపి పూడ్చేశారు. ఏడాది తిరక్కుండానే పెద్దమ్మ మూట కట్టుకుని ఊరికి బయల్దేరింది. అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. "నా వాళ్ళు వస్తే ఇంట్లో మనిషి లేకపోతే ఎట్టా?" అంది. ఆ తర్వాత జీవితమంతా ఆవిడ అక్కడే, ఆ ఉప్పుగాలిలోనే ఉండిపోయింది. మేం సెలవులకి వెళ్ళేవాళ్ళం. వెళ్ళిన ప్రతిసారీ నేను ముందు చూసుకునేది ఏ ఇంటి పైకి ఎక్కడానికి మెట్లున్నాయా అని.

ఇప్పుడు మందిరం, అంటే మా చర్చి సంగతికి వస్తాను. మా ఊరి పాత మందిరం పెంకులది, దూలాలు పుచ్చిపోయి పాటల మధ్యలో పెంకుముక్కలు రాలేవి. కొత్తది కట్టాలనుకున్నారు సంఘపెద్దలు. ఊళ్ళో జాగా లేదు. చివరికి మా ఊరికీ, అవతల చేపలు పట్టుకునే వాళ్ళ పేటకీ మధ్యనున్న పర్రలో చోటు దొరికింది. పర్రంటే తెలియని వాళ్ళకి చెప్తాను. సముద్రపు పోటుకి ఉప్పు తాగి తాగి చచ్చిపోయిన నేల. గడ్డి మొలవదు. ఎండాకాలం పైన తెల్లగా పొర కట్టి కాళ్ళ కింద అప్పడంలా విరుగుతుంది. అక్కడక్కడా ఎర్రటి ఉప్పుమొక్కలు తప్ప కనుచూపు మేర ఏమీ ఉండదు. పచ్చటి వరిచేల మధ్య పుట్టి పెరిగిన మా కళ్ళకి అది ఎడారే. అక్కడ కట్టడానికి పెద్దలు వెతుక్కుంటూ వెళ్ళింది విజయవాడలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి. వాడు ఆర్కిటెక్టు.

వాడు మొదటిసారి ఆ నేల చూసొచ్చి మా ఇంట్లో దిగినప్పుడు వాడి మొహం చూడాలి. "ఎడారిలో కట్టేవాడి సుఖం నీకు తెలీదక్కా. పక్కన ఇంకేమీ ఉండదు. మనం గీసిన గీత, ఆకాశం, అంతే" అన్నాడు. "సముద్రం కూడా ఉంటుంది కదరా" అన్నాను. వాడు నవ్వలేదు. "దానికోసమే కడుతున్నా" అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు.

వాడు థర్మోకోలుతో నమూనా చేసి తెచ్చిన రోజు నేనూ వెళ్ళాను. పాత మందిరంలో బల్ల మీద పెట్టారు దాన్ని. అందరూ చుట్టూ మూగారు. గోపురం లేదు, గంటస్తంభం లేదు, గుండ్రటి కిటికీల్లో రంగుటద్దాలు లేవు. తాటిమాను లావు స్తంభాల మీద, మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తున ఒక హాలు. దాని మీద తాటాకు మడతల్లా మడతలు పడ్డ కాంక్రీటు కప్పు. ఊరి వైపు నుంచి ముసలివాళ్ళు కూడా ఎక్కగలిగేలా పొడవాటి వాలు. సముద్రం వైపు గోడలో కింద నుంచి పై దాకా సన్నటి నిలువు సందులు. ప్లాస్టరింగు లేదు, రంగు లేదు. హాలు కింద అంతా ఖాళీ. పాస్టరు గారు నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగి, "బాగుందండీ. గోపురం తర్వాత పెడతారాండీ?" అని అడిగారు. "ఇంతేనండీ" అన్నాడు తమ్ముడు. "ఇదేంది బాబూ, కాళ్ళ మీద లేచి నిలబడ్డ గోడౌనులాగుంది" అని సంఘపెద్ద ఒకాయన అననే అన్నాడు. మరి కింద అంత చోటు ఎందుకు వదిలేశావని ఆయనే అడిగాడు.

అక్కడే జరిగింది తప్పు. ఎవరిదీ అనను. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు ఉప్పెన అనే మాట ఎవరూ అనరు. నేనిక్కడ రాస్తున్నాను గానీ నా నోటితో నేనూ అనను. "ఆ రోజు" అంటారు, అంతే. ఆ మూగిన వాళ్ళలో ఆ రోజు మనుషుల్ని పోగొట్టుకోని ఇల్లు లేదు. మా తమ్ముడికి అది తెలుసు. పెద్దమ్మ కూడా ముందు వరసలో కూర్చుని వాడి మొహంలోకే చూస్తోంది. వాడు గొంతు సవరించుకుని, "ఇక్కడ కోస్టల్ జోన్ కదండీ, హైడ్రోడైనమిక్ లోడ్ ఫ్రీగా పాస్ అవ్వాలండీ" అన్నాడు. అందరూ తలలూపారు. పాస్టరు గారు "ఆమేన్" అన్నారు. ఆ మాటకి అర్థం అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు, విడమరిచి చెప్పడానికి వీడికి నోరు రాలేదు. అప్పటికి బానే అయిపోయిందనుకున్నాం.

కట్టడం మొదలెట్టాక తెలిసింది అక్కడ అన్నిటికంటే కరువు మంచినీళ్ళని. ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. ఆ నీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పట్టి, పైకి నిగనిగలాడుతూనే లోపల కుళ్ళిపోతుందట. కాలవ నుంచి ట్యాంకర్లు తెప్పించారు. అవి పర్రలోకి దిగి ఇరుసుల దాకా కూరుకుపోయాయి. ఇక రోడ్డు చివర ట్యాంకరు ఆపి, అక్కడ్నుంచి ఆడవాళ్ళు వరసలో నిలబడి బిందెలు అందించుకున్నారు. మా వాళ్ళే కాదు, పేటలో చేపలమ్మే ఆడవాళ్ళు కూడా బుట్టలు దించి వచ్చారు. గట్టి కప్పున్న ఇల్లు ఒక్కటైనా ఊరికి దగ్గర్లో ఉండటం వాళ్ళకీ అవసరమే కదా. శ్లాబు తడపడం పెద్దమ్మ తన మీద వేసుకుంది. దాని మీద పరిచిన తడి గోనెలు ఆరితే మేస్త్రీకి చీవాట్లు పడేవి. "మాకంటే ఎక్కువ మంచినీళ్ళు తాగిందయ్యా మీ మందిరం. పడిపోయిందో, నిన్ను వదల్ను" అనేది.

సెంట్రింగు విప్పే రోజు నన్నెందుకు పిలిచాడో మా తమ్ముడు! కప్పు కింద కట్టిన కర్రలూ చెక్కలూ ఒక్కొక్కటీ లాగేస్తుంటే ఆ మడతల కప్పు మూలిగినట్టు చప్పుడు చేసింది. నేను రోడ్డెక్కి నిలబడ్డాను. మేస్త్రీ అక్కడ్నుంచే కేకేశాడు, "ఏవండీ టీచరమ్మ గారూ, అంత దూరాన నిలబడితే పడిపోయినా మీకు వినపడదండీ!" అందరూ నవ్వారు. నేను కదల్లేదు. ఆఖరి చెక్క ఊడొచ్చేదాకా కళ్ళు మూసుకునే ఉన్నాను. తెరిచి చూస్తే కప్పు అలాగే ఉంది. చెక్కల గీతలు కాంక్రీటు మీద అచ్చు పడి, ఆ బూడిద రంగు చుట్టూ ఉన్న నేలతో కలిసిపోయి, ఏదో అక్కడే మొలిచినట్టుంది. అందంగా ఉందని ఒప్పుకోవడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

ప్రతిష్ఠ ఆరాధన బాగా జరిగింది. అయినా జనం లోపల కుదురుగా కూర్చోలేదు. గాలి తిరిగితే ఆ నిలువు సందుల్లోంచి సన్నటి హోరు వచ్చేది, సందు సందులోనూ ముక్కలు ముక్కలుగా సముద్రం కనిపించేది. ప్రార్థనకి కళ్ళు మూసుకోమంటే పెద్దవాళ్ళు ఒక కన్ను తెరిచే ఉంచేవాళ్ళు. నేనైతే రెండూ. పాస్టరు గారు ఆ సందులకి తెరలు కట్టిద్దామని ఒకసారీ, పీవీసీ షీట్లు వేయిద్దామని ఒకసారీ అడిగారు. తమ్ముడు ససేమిరా అన్నాడు. ఆ తర్వాత వాడికి హైదరాబాదులో ఏదో పెద్ద పని పడి, కొన్ని నెలలు ఇటువైపు రాలేదు.

ఆ నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. మా వైపు క్రైస్తవులందరికీ అది పెద్ద పండుగే. సమాధులకి సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటారు. మా ఊరి వాళ్ళకి ఆ పూట వచ్చిందంటే తోచదు. ఎక్కడ కూర్చోవాలి? ఎవరి సమాధికి సున్నం వేయాలి? ఇన్నేళ్ళూ రోడ్డు పక్క గట్టు మీద గుంపుగా కొవ్వొత్తులు పెట్టి వచ్చేసేవాళ్ళు, గాలికి అవి నిలిచేవి కావు. ఆ ఏడు ఎవరికి తట్టిందో గానీ, ఊరంతా కలిసి చల్లపల్లి దగ్గర ఇటుకల బట్టీకి వెళ్ళారట. పచ్చి ఇటుకల మీద మేకుతో తమవాళ్ళ పేర్లు గీశారు. రాయడం రాని వాళ్ళకి పాస్టరు గారు గీసిపెట్టారు. అవి కాల్చి తెచ్చి, మందిరం కింద సముద్రం వైపు స్తంభాల మధ్య గోడ కట్టేశారు. అడుగున మామూలు ఇటుకలు, పై వరసల్లో పేర్లవి. పేట వాళ్ళూ తమవి తెచ్చిచ్చారు, వాటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. కింద సముద్రం కనపడకుండా పోయింది, కొవ్వొత్తులకి గాలి తగలకుండా అడ్డు దొరికింది, ప్రేమవిందుకి భోజనాల చోటు కుదిరింది. ఆర్కిటెక్టు గారికి చెప్పకుండా ఉంచి సంతోషపెడదామనుకున్నారు. పెద్దమ్మ ఫోనులో నాకు కూడా చెప్పలేదు. "ఈసారి పండక్కి కాసేపు కూర్చున్నానే" అని మాత్రం అంది.

తర్వాత వారం పదిరోజులకే తుపాను కబురు. పెద్దమ్మని గుడివాడ తెచ్చేద్దామని తమ్ముడు హైదరాబాదు నుంచి కారులో వస్తే, నేను కూడా ఎక్కాను. ఎందుకెక్కానో నాకే తెలీదు. పులిగడ్డ అక్విడెక్టు వంతెన మీద గాలికి కారు పక్కకి ఊగింది. అవనిగడ్డలో షాపుల వాళ్ళు షట్టర్లు దించుకుంటున్నారు. ఊరు చేరేసరికి మధ్యాహ్నం. ఆర్టీసీ బస్సులు ఒక ట్రిప్పు చంటిపిల్లల తల్లుల్నీ, రోగుల్నీ తీసుకెళ్ళాయి. మా వెనకే రోడ్డుకడ్డంగా చెట్లు, కరెంటు స్తంభాలు పడ్డాయి. రెండో ట్రిప్పు రాలేదు. మిగిలిన వాళ్ళందరూ, పేట వాళ్ళతో సహా, మందిరంలోకి ఎక్కారు. పెద్దమ్మ కూడా పైనే ఉందన్నారు. ఇక మాకూ వేరే దారి లేదు.

కారు రోడ్డు మీద వదిలి వానలో నడిచాం. వాలు దగ్గరికి వచ్చాక తమ్ముడు ఆగిపోయాడు. వాడి చూపు పోయినవైపు నేనూ చూశాను. ఈ మూల నుంచి ఆ మూల దాకా నిలువెత్తు ఇటుక గోడ. పాస్టరు గారు తడుస్తూనే ఎదురొచ్చి, "వందనాలండీ. మీకు చెప్పకుండా దాచాం. పండక్కి కట్టుకున్నామండీ" అన్నారు. ఆ పరిస్థితుల్లో కూడా ఆయన మొహంలో సంతోషం కనిపించింది. "ఎవరు కట్టమన్నారండీ?" అన్నాడు తమ్ముడు. వాడి గొంతు వాడిది కాదు. "చెప్పాను కదండీ, లోడ్ పాస్ అవ్వాలని చెప్పాను కదా!" పాస్టరు గారికి ఏమీ అర్థం కాలేదు. పైనుంచి జనం వాలు మీదకి వచ్చి చూస్తున్నారు. అప్పుడు వాడు వానలో తలెత్తి అరిచాడు. "ఉప్పెనండీ! ఉప్పెన వస్తే నీళ్ళు కింద నుంచి పోవాలనే ఖాళీ వదిలాను! నీళ్ళొచ్చి ఈ గోడని కొడితే ఆ తోపుడంతా స్తంభాల మీద పడుద్ది! గోడ తీసేయాలి, ఇప్పుడే తీసేయాలి!"

ఆ మాట ఆ ఊళ్ళో అలా గట్టిగా అనగా నేను వినడం అదే మొదలు. చిన్నపిల్లలు కూడా ఏడుపు ఆపేశారు. వాడి చొక్కా పట్టుకుని, "కూలిపోద్దా, ఒరేయ్?" అని అడిగాను. "తెలీదక్కా. గోడే ముందు పడిపోతే అదృష్టం. పడకపోతే ఏమవుద్దో నాకు తెలీదు" అన్నాడు. అన్నీ తెలిసినట్టు మాట్లాడే మా తమ్ముడి నోట తెలీదనే మాట వినేసరికి పట్టుకున్న చొక్కా వదిలేశాను. పోటు సాయంత్రానికి వస్తుందని పేట వాళ్ళు అంటున్నారు. పరిగెత్తడానికి చోటు లేదు, చుట్టూ పర్ర, అప్పటికే మడమల లోతు నీళ్ళు. ఎక్కడానికి ఉన్నది ఒక్కటే కట్టడం, అది నిలబడుతుందో లేదో కట్టినవాడికే తెలీదు.

వాడు మేస్త్రీ సామాన్లలోంచి గునపం పట్టుకొచ్చాడు. గోడౌనులాగుందన్న సంఘపెద్ద వెళ్ళి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. "ముందు నన్ను కొట్టు బాబూ. మా నాయన ఇక్కడున్నాడు, మా చెల్లెలు ఇక్కడుంది. ఇన్నేళ్ళకి ఒక చోట పెట్టుకున్నాం. సముద్రం ఒకసారి తీసుకెళ్ళింది చాల్లేదా, నువ్వు కూడా తీసేస్తావా?" అన్నాడు. ఆయన పక్కన ఇంకో ఇద్దరు నిలబడ్డారు. తమ్ముడు బతిమాలాడు, తిట్టాడు, చేతులు జోడించాడు. ఎవరూ కదల్లేదు. నేను మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తున్నాను. నాకు మాత్రం నీళ్ళ చప్పుడు అప్పుడే వినపడుతున్నట్టుంది.

పెద్దమ్మ పిట్టగోడ పట్టుకుని వాలు దిగొచ్చింది. చీర కొంగు తలకి బిగించి కట్టుకుంది. "నా వాళ్ళెక్కడున్నారో చూపించరా, నాకు చదవడం రాదు" అంది తమ్ముడితో. పాస్టరు గారు చూపించారు. మూడు ఇటుకలు పక్కపక్కనే, పైనుంచి రెండో వరసలో. ఆ పేర్లు నేనిక్కడ రాయను. ఆవిడ మూడింటి మీదా అరచెయ్యి పెట్టి తడిమింది. తర్వాత గునపం కోసం చెయ్యి చాపింది. "పెద్దమ్మా, నేను కొడతా" అన్నాడు తమ్ముడు. "ఎవరూ ముట్టుకోమాకండి" అంది. "ఆ రోజు నేనొదల్లేదురా. జారిపోయారు. ఇయ్యాళ నా చేత్తో నేనే తీసుకుంటా." సంఘపెద్ద వైపు తిరిగింది. "అబ్బాయ్, నువ్వు చెప్పేది నాకూ తెలుసు. కానీ నా పిల్లలు నీళ్ళకి అడ్డం నిలబడి ఇంతమందిని చంపారన్న మాట నేను పడలేను. తప్పుకో."

ఆయన తప్పుకున్నాడు. సిమెంటు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, దానికి తోడు ఆ మాలు ఉప్పునీళ్ళతో కలిపినట్టున్నారు. నాసిరకం పనిని చూసి మా తమ్ముడు సంతోషించింది జీవితంలో అదొక్కసారే అయ్యుంటుంది. మూడు ఇటుకలూ ఊడొచ్చాయి. పెద్దమ్మ వాటిని కొంగులో వేసుకుని, మూట ఒంటికి అదుముకుని వాలెక్కింది. ఆ తర్వాత ఒక్కొక్క ఇంటి వాళ్ళూ వచ్చి, ఎవరి ఇటుక వాళ్ళు తీసుకోవడం మొదలెట్టారు. ఒకరిది ఇంకొకరు ముట్టుకోలేదు. గాలిలో పేరు పెట్టి పిలిచి, ఆ పేరు వాళ్ళు రాగానే చేతికిచ్చారు. "ఇలా పిలుచుకుంటూ కూర్చుంటే ఎలాగండీ!" అని తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. నీళ్ళు మడమల నుంచి పిక్కలకొచ్చాయి. నాకు ఏడుపొచ్చేస్తోంది, త్వరగా, త్వరగా అని లోపల లోపలే అరుస్తున్నాను, అయినా ఆ వరస చెడగొట్టాలని మాత్రం అనిపించలేదు. బస్సుల్లో వెళ్ళిపోయిన వాళ్ళవి ఇరుగుపొరుగు తీసుకున్నారు. ఇంటిల్లిపాదీ పోయి, పిలిస్తే పలికే దిక్కు లేనివి కొన్ని మిగిలాయి. "అవి ఇటియ్యండి, నా వాళ్ళే" అని పైనుంచి పెద్దమ్మ కేకేసింది. అందులో ఒకటి నా చేతుల్లో పెట్టారు. ఒక ఆడపిల్ల పేరు. ఆ పిల్ల ఎవరో నాకిప్పటికీ తెలీదు. పేర్లన్నీ పైకి వెళ్ళాక కుర్రాళ్ళు గునపాలతో పడి, అడుగునున్న మామూలు ఇటుకల్ని తన్ని పారేశారు.

నీళ్ళు చీకటి పడకముందే వచ్చాయి. చప్పుడు ముందొచ్చింది. తర్వాత మా కాళ్ళ కింద, నేల కింద, ఏదో పెద్ద లారీల వరస ఆగకుండా పోతున్నట్టు. గచ్చు అరికాళ్ళలో వణికింది. ఎవరూ పాట పాడలేదు, ఎవరూ గట్టిగా ప్రార్థించలేదు. పేట ఆడవాళ్ళూ మేమూ కలిసి ఒకరినొకరు పట్టుకుని కింద కూర్చున్నాం. ఎవరి ఒళ్ళో చూసినా ఒక ఇటుక, చంటిపిల్లని పెట్టుకున్నట్టు. నా ఒళ్ళోది తడిసి బరువుగా ఉంది. నేను చచ్చిపోతానని రూఢిగా అనుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు దేవుడు గుర్తు రాలేదు, పిల్లలు గుర్తు రాలేదు, ఆ పర్ర మట్టి నా నోట్లోకి పోతుందేమోనన్న భయం ఒక్కటే. నా పక్కన చీకట్లో పెద్దమ్మ, "ఇంకా వస్తన్నయ్యా నీళ్ళు?" అంది. ఐదేళ్ళప్పుడు చెప్పినట్టు చెప్పడం కుదరదు ఈసారి. మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి నిలువు సందుకి కళ్ళానించాను. కింద నల్లటి నీళ్ళు స్తంభాల్ని రాసుకుంటూ లోపలికి దూరుతున్నాయి, వెనక ఊరి వైపు నుంచి బయటికి పోతున్న హోరు వినిపిస్తోంది. "వస్తున్నాయి పెద్దమ్మా. వచ్చి పోతున్నాయి. మన కింద నుంచి పోతున్నాయి" అన్నాను.

తెల్లారేసరికి మందిరం నిలబడే ఉంది. ఊళ్ళో ఇళ్ళు పోయాయి గానీ, పైనున్న మనిషి ఒక్కడూ పోలేదు. గోడ తీయకపోయినా ఏమీ అయ్యేది కాదని ఇప్పటికీ ఆ సంఘపెద్ద అంటూనే ఉంటాడు. అయ్యుండొచ్చు కూడా. అది తేల్చుకోవాలని మాలో ఎవరికీ లేదు. మా తమ్ముడు మాత్రం అప్పట్నుంచి ఏది కట్టినా ముందు ఇంట్లో ముసలివాళ్ళని కూర్చోబెట్టి, ఏ ఖాళీ ఎందుకు వదులుతున్నాడో తెలుగులో, భయపెట్టే మాటలు కూడా దాచకుండా చెప్తాడు. మళ్ళీ ఆ గోడ ఎవరూ కట్టలేదు. ఎవరి ఇటుక వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళారు. నా ఇటుక గుడివాడలో మా ఇంట్లోనే, నా మంచం పక్కన కిటికీలో ఉంటుంది.

పెద్దమ్మ పోయిన ఏడాది వేసవిలో నిద్రలోనే పోయింది. ఆవిడ చెప్పిన ప్రకారం పెట్టెలో మూడు ఇటుకలూ పెట్టాం. పెదనాన్నది తలవైపు, పిల్లలవి రెండూ రెండు చేతుల కిందా. ఎవరూ లేనివాటిని కాళ్ళ దగ్గర సర్దాం. మోసేవాళ్ళు రెండుసార్లు భుజం మార్చుకున్నారు. "ఇంత సన్నటి మనిషి ఇంత బరువేంటండీ!" అని ఒకతను అడిగాడు. మొన్న సమాధుల పండుగకి నేనూ తమ్ముడూ వెళ్ళి సున్నం వేసి, ఒక్క సమాధి మీద నాలుగు కొవ్వొత్తులు వెలిగించి, కాసేపు కూర్చుని వచ్చాం. పెద్దమ్మ ముగ్గుబుట్టలాంటి తలతో, పండిపోయి వెళ్ళింది. పక్కనున్న ఆ ఇద్దరిలో పెద్దవాడికి ఇంకా నాలుగేళ్ళే, చిన్నదానికి రెండు నిండలేదు. ఇద్దరు పసివాళ్ళని మట్టి చేయడానికి వాళ్ళ తల్లికి బతుకంతా పట్టింది.